ఓక్ చెట్లకు యజమాని కావాలి

పచ్చని ఆస్తులు: చరిత్ర ధారావాహిక – 3వ భాగం

గత భాగంలో యోసెమిటీ, యెల్లోస్టోన్‌ల కథ చెప్పుకున్నాం. 1864లో లింకన్ సంతకంతో యోసెమిటీ లోయ కాలిఫోర్నియా రాష్ట్రం అధీనంలోకి వచ్చింది. 1872లో గ్రాంట్ సంతకంతో యెల్లోస్టోన్ జాతీయ పార్కు అయింది. కాగితాల మీద ఆ రెండు చోట్లా భూమి అప్పటికే ప్రభుత్వానిది కాబట్టి ఒక్క చట్టంతో పని జరిగిపోయింది. అమెరికా తూర్పు తీరంలో అంత సులువు లేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1890 నాటికి ప్రతి పొలానికీ, ప్రతి గుట్టకీ, సముద్రపు ఒడ్డులో చాలా భాగానికీ ఎవరో ఒక సొంతదారు ఉన్నారు. అక్కడ ఒక అందమైన చోటును కాపాడాలంటే ముందు తేలాల్సింది ఒక్కటే: దస్తావేజు ఎవరి పేరు మీద ఉండాలి?

ఈ చిక్కుముడిని విప్పే దారి చూపినవాడికి అప్పటికి ముప్పై ఏళ్లు. పేరు చార్లెస్ ఎలియట్. తోటలకూ, పార్కులకూ ప్లాన్లు గీయడం వృత్తి.

బాస్టన్ అప్పట్లో పొంగిపోతున్న నగరం. 1880 జనాభా లెక్కల్లో 3,62,839 మంది ఉన్న ఊళ్లో పదేళ్లు తిరిగేసరికి 4,48,477 మంది తేలారు. 1889లో గుర్రపు ట్రాముల స్థానంలో కరెంటు ట్రాములు రావడం మొదలైంది. పట్టాలు ఎంత దూరం పోతే ఊరు అంత దూరం పాకింది. పొలాలు ప్లాట్లయ్యాయి, తోపులు కలప అయ్యాయి. సముద్రం కనబడే చోటల్లా డబ్బున్నవాళ్ల వేసవి బంగళాలు లేచాయి. బాస్టన్ నగరపాలక సంస్థ తన హద్దుల్లో పార్కులు వేసుకుంటోంది గానీ, హద్దు దాటితే దాని మాట చెల్లదు. చుట్టూ ఉన్న చిన్న ఊళ్లు దేనికదే ఒక మున్సిపాలిటీ. ఒక కొండ మూడు ఊళ్ల సరిహద్దులో ఉంటే ఆ కొండను పట్టించుకునే నాథుడే లేడు.

నగరానికి పడమర బెల్మాంట్ దగ్గర, బీవర్ బ్రూక్ అనే వాగు పక్కన ఇరవైకి పైగా ముసలి తెల్ల ఓక్ చెట్లు ఉండేవి. మంచుయుగం వదిలిపోయిన మట్టిదిబ్బ మీద, కొమ్మలు చాపుకుని నిలబడిన ఈ గుంపును వేవర్లీ ఓక్స్ అనేవారు. 1864లో విన్‌స్లో హోమర్ అనే చిత్రకారుడు వాటి బొమ్మ వేశాడు. వాటి కింద విహారానికి వెళ్లని బాస్టన్ కుటుంబం అరుదు. అయితే ఆ నేల ప్రైవేటు ఆస్తి. సొంతదారు రేపు అమ్మేస్తే, కొన్నవాడు ఎల్లుండి గొడ్డలి పట్టుకుంటే అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఎలియట్ పుట్టింది 1859లో, అక్కడికి కొన్ని మైళ్ల దూరంలోని కేంబ్రిడ్జ్‌లో. తండ్రి చార్లెస్ విలియం ఎలియట్ 1869 నుంచి 1909 దాకా నలభై ఏళ్లు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. ఆయన ఆ పదవికి వెళ్లే ఏడాదే, తొమ్మిదేళ్ల కొడుకు తల్లిని పోగొట్టుకున్నాడు. ఆ కుర్రాడు హార్వర్డ్‌లో 1882లో డిగ్రీ ముగించి, న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకరైన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్నాడు. తర్వాత యూరప్ వెళ్లి తోటలు, అడవులు, నదీతీరాలు చూసి వచ్చాడు. 1886 చివర్లో బాస్టన్‌లో సొంత ఆఫీసు తెరిచాడు.

1890 మార్చి 5న 'గార్డెన్ అండ్ ఫారెస్ట్' వారపత్రికలో వేవర్లీ ఓక్స్ గురించి ఆయన రాసిన లేఖ అచ్చయింది. ఆ పత్రికను నడిపేది బాస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ డైరెక్టరు చార్లెస్ స్ప్రేగ్ సార్జెంట్. చెట్ల గురించి తెలిసినవాళ్లందరూ చదివే పత్రిక అది. లేఖలో ఎలియట్ ఓక్‌ల అందాన్ని వర్ణిస్తూ కూర్చోలేదు. పరిష్కారం చెప్పాడు. బాస్టన్ చుట్టుపక్కల ఊళ్ల పౌరులతో ఒక సంఘం ఏర్పడాలి. రాష్ట్ర శాసనసభ దానికి చట్టబద్ధమైన అధికారం ఇవ్వాలి. అక్కడక్కడా చిన్న చిన్న భూఖండాలను ఆ సంఘం ప్రజల కోసం పన్నులేకుండా తన పేరున ఉంచుకోవాలి. గ్రంథాలయం పుస్తకాలను ఉంచుకుంటోంది కదా, చిత్రశాల బొమ్మలను ఉంచుకుంటోంది కదా, భూమిని అలా ఎందుకు ఉంచుకోకూడదు అన్నది ఆయన వాదన.

మన పాఠకులకు ఇది మరీ కొత్తగా అనిపించకపోవచ్చు. గుడి మాన్యానికి ధర్మకర్తలు ఉన్నట్టే ఇక్కడ కొండకీ, వాగుకీ ధర్మకర్తలు. తేడా ఏమిటంటే ఆ భూమి మీద వచ్చే పంటతో వీళ్లకు పని లేదు. భూమి ఉన్నది ఉన్నట్టు ఉండటమే వాళ్ల పని.

ఆలోచన బాగుందని మెచ్చుకుని వదిలేసేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు. ఎలియట్ మాత్రం వదల్లేదు. 1876 నుంచి పనిచేస్తున్న అపలాచియన్ మౌంటెన్ క్లబ్ అనే పర్వతారోహకుల సంఘాన్ని పట్టుకున్నాడు. కాగితాలు రాశాడు, మనుషుల్ని కలిశాడు, రాష్ట్రమంతా ఉత్తరాలు పంపాడు. 1890 మే 24న మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అంటే ఎంఐటీ, భవనంలో దాదాపు వందమంది సమావేశమయ్యారు. ఒక కమిటీ ఏర్పడింది. ఏడాది తిరక్కుండానే బిల్లు శాసనసభకు వెళ్లింది. 1891 మే 21న గవర్నరు విలియం రసెల్ సంతకం పెట్టాడు.

'ట్రస్టీస్ ఆఫ్ పబ్లిక్ రిజర్వేషన్స్' అలా పుట్టింది. ఇక్కడ రిజర్వేషన్లంటే ప్రజల కోసం విడిగా ఉంచిన స్థలాలు. 1954లో పేరులోంచి 'పబ్లిక్' తీసేశారు, ఇప్పుడు జనం 'ది ట్రస్టీస్' అనే పిలుస్తారు. ప్రపంచంలో మొదటి ల్యాండ్ ట్రస్ట్‌గా చరిత్రకారులు లెక్కగట్టేది దీన్నే. చట్టంలో పేర్లున్న తొలి ధర్మకర్తల్లో సెనేటరు జార్జ్ హోర్, హార్వర్డ్ భూగర్భ శాస్త్రవేత్త నథానియల్ షేలర్, ఎంఐటీ అధ్యక్షుడు ఫ్రాన్సిస్ వాకర్ వంటి పెద్దలున్నారు. పని మోసే కార్యదర్శి మాత్రం ఎలియటే.

ఆ చట్టం పాఠంలో చాలామంది గమనించని విశేషం ఒకటి ఉంది. సుందరమైన స్థలాలు, చారిత్రక స్థలాలు అని రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టారు. ప్రకృతి సంరక్షణకు ఒక శాఖ, పాత కట్టడాల సంరక్షణకు ఇంకో శాఖ అన్న విభజన అప్పటికింకా బిగుసుకోలేదు. కొండనూ, కొండ కింద పాత ఇంటినీ ఒకే సంస్థ కాపాడవచ్చు. ముందు ముందు ఈ సంస్థ ఆస్తుల జాబితా అంత విచిత్రంగా పెరగడానికి బీజం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

మొదటి దానం అదే ఏడాది వచ్చింది. స్టోన్‌హమ్ ఊరి దగ్గర 20 ఎకరాల అడవిని ఫానీ ఫాస్టర్ ట్యూడర్ అనే ఆమె, చనిపోయిన కూతురు వర్జీనియా జ్ఞాపకార్థం ఇచ్చింది. దానికి వర్జీనియా వుడ్ అని పేరు పెట్టారు. నాలుగేళ్ల తర్వాత బ్రిటన్‌లో నేషనల్ ట్రస్టుకు మొదటి భూమి ఇచ్చినామె పేరు కూడా ఫానీయే, ఫానీ టాల్బట్. ఆమె సంగతి వచ్చే భాగంలో.

ట్రస్టు పుట్టిన కొద్ది నెలలకే ఎలియట్‌కు దాని పరిమితి అర్థమైంది. దాతలు తమకు తోచింది ఇస్తారు. ట్రస్టుకు కావలసిన కొండ మీద దాతకు మమకారం ఉండొచ్చు, బేరగాడు ముందే వచ్చి ఉండొచ్చు. మైళ్ల పొడవు సముద్రతీరం, వేల ఎకరాల గుట్టలు కావాలంటే ప్రభుత్వ ఖజానా, భూసేకరణ అధికారం ఉండాలి. అందుకని ధర్మకర్తలు 1891 డిసెంబరు 16న బాస్టన్ చుట్టుపక్కల ఊళ్ల పార్కు కమిటీలను ఒకచోట కూర్చోబెట్టారు. సిల్వెస్టర్ బాక్స్‌టర్ అనే పత్రికా రచయిత ఎలియట్‌కు తోడయ్యాడు. బాక్స్‌టర్ కలం, ఎలియట్ మ్యాపులు కలిసి శాసనసభను కదిలించాయి. 1892లో తాత్కాలిక సంఘం, 1893 జూన్‌లో శాశ్వత మెట్రోపాలిటన్ పార్క్ కమిషన్ ఏర్పడ్డాయి. ఊరి హద్దులతో నిమిత్తం లేకుండా ఒక మహానగర ప్రాంతం మొత్తానికి పార్కులు వేసే సంస్థ అమెరికాలో ఇదే మొదటిది.

కమిషన్ చేజిక్కించుకున్న మొదటి స్థలం బీవర్ బ్రూక్. అంటే వేవర్లీ ఓక్స్ ఉన్న చోటే. ఏ చెట్ల కోసం ట్రస్టు పుట్టిందో ఆ చెట్లు ట్రస్టు పేరున ఎన్నడూ లేవు, నేరుగా ప్రభుత్వం పేరున చేరాయి. తర్వాత బ్లూ హిల్స్, మిడిల్‌సెక్స్ ఫెల్స్ అడవులు వచ్చాయి. రెవీర్ బీచ్‌లో ఇసుక మీద వెలిసిన గుడిసెలనూ, షెడ్లనూ తీసేసి, రైలు పట్టాలను వెనక్కి జరిపి, 1896 జూలై 12న తెరిస్తే మొదటి రోజే 45,000 మంది వచ్చారు. అమెరికాలో తొలి ప్రజా బీచ్‌గా దానికి పేరు. వర్జీనియా వుడ్ కూడా చివరికి 1923లో పక్కనున్న ఫెల్స్ అడవిలో భాగంగా ప్రభుత్వానికే చేరింది.

ఆ ఓక్‌లు ఇప్పుడు లేవు. వయసు మీదపడి ఒక్కొక్కటే కూలిపోయాయి. పార్కు మాత్రం ఉంది.

1893లో ఎలియట్ తన గురువు సంస్థలో భాగస్వామిగా చేరాడు. బోర్డు మీద 'ఓల్మ్‌స్టెడ్, ఓల్మ్‌స్టెడ్ అండ్ ఎలియట్' అని పడింది. ఒక వంక ఆ పని, ఇంకో వంక కమిషన్ పని. 1897 మార్చి 25న మెదడు పొరల వాపు వ్యాధితో ఆయన చనిపోయాడు. వయసు 37.

కథ ఇక్కడ తండ్రి చేతిలోకి వెళ్తుంది. కొడుకు కాగితాలన్నీ ముందేసుకుని ఆయన ఏడు వందలకు పైగా పేజీల జీవితచరిత్ర కూర్చాడు. 1902లో అచ్చయిన ఆ పుస్తకం ముఖచిత్రం మీద రచయిత పేరు లేదు. ఈలోగా 1900లో తండ్రి అధ్యక్షుడిగా ఉన్న హార్వర్డ్‌లో, కొడుకు వృత్తి అయిన లాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో కోర్సు మొదలైంది. కొడుకు కాగితాల మధ్య మెయిన్ రాష్ట్రపు సముద్రతీరం గురించి ఆయన 1890లో రాసిన వ్యాసం ఉంది. తీరమంతా ప్రైవేటు చేతుల్లోకి పోతోందన్న హెచ్చరిక అది. మెయిన్‌లోని మౌంట్ డెజర్ట్ దీవిలో ఎలియట్ కుటుంబం ఏటా వేసవి గడిపేది. 1901లో తండ్రి ఆ దీవిలో వేసవి కాపురాలుండే తోటి సంపన్నులను పిలిచి, మసాచుసెట్స్ నమూనాలోనే ఒక సంఘం పెట్టించాడు. అదే 'హాంకాక్ కౌంటీ ట్రస్టీస్ ఆఫ్ పబ్లిక్ రిజర్వేషన్స్'.

దాన్ని భుజాన వేసుకున్నవాడు జార్జ్ డార్. పెళ్లి లేదు, పిల్లల్లేరు, తాతల నాటి ఆస్తి ఉంది. కొండ వెంట కొండ, చెరువు వెంట చెరువు అడిగి, కొని, పోగు చేశాడు. పన్నులేని భూమి అలా పెరుగుతుంటే భూవ్యాపారులకు కంటగింపు అయింది. 1913లో ఆ సంఘానికి ఇచ్చిన చట్టాన్నే రద్దు చేయాలని మెయిన్ శాసనసభలో బిల్లు వచ్చింది. డార్ రాజధాని అగస్టాకు పరుగెత్తి దాన్ని ఆపగలిగాడు. ఆ అనుభవంతో ఆయనకు ఒకటి స్పష్టమైంది. రాష్ట్ర శాసనసభ ఇచ్చిన యాజమాన్యాన్ని రాష్ట్ర శాసనసభ తీసేసుకోగలదు. కాబట్టి అంతకంటే గట్టి చేతికి అప్పగించాలి.

వాషింగ్టన్ చుట్టూ తిరిగాడు. ఉచితంగా భూమి ఇస్తామన్నా దస్తావేజుల్లో లోపాలు చూపి వెనక్కి పంపారు. మళ్లీ రాయించుకుని మళ్లీ వెళ్లాడు. 1916 జూలై 8న అధ్యక్షుడు విల్సన్ సంతకంతో అయిదు వేల ఎకరాల చిల్లర భూమి జాతీయ స్మారకం అయింది. 1919లో లఫాయెట్ నేషనల్ పార్కుగా మారింది. మిసిసిపీ నదికి తూర్పున ఇప్పుడున్న జాతీయ పార్కుల్లో అదే పాతది. 1929 నుంచి దాని పేరు అకేడియా. యెల్లోస్టోన్‌లో ప్రభుత్వ భూమి పార్కు అయితే, ఇక్కడ పౌరులు కూడబెట్టిన భూమిని ప్రభుత్వం పుచ్చుకుంది.

మసాచుసెట్స్ ట్రస్టు మాత్రం తన భూములను తనే అట్టిపెట్టుకుంటూ పెరిగింది. షెర్బోర్న్‌లో చార్లెస్ నది ఒడ్డున ఉన్న రాకీ నారోస్ 1897లో వచ్చింది. ఇప్పటికీ దాని చేతిలో ఉన్నవాటిలో అదే పాతది. పడమటి కొండల్లోని మాన్యుమెంట్ మౌంటెన్ 1899లో వచ్చింది. ఇది 1,642 అడుగుల ఎత్తున్న తెల్లని గట్టిరాతి శిఖరం. 1850 ఆగస్టు 5న కొందరు రచయితలు ఈ కొండెక్కుతుంటే ఉరుములతో వాన పట్టుకుంది. రాతి చాటున తలదాచుకున్నవాళ్లలో 46 ఏళ్ల నథానియల్ హాథార్న్, 31 ఏళ్ల హెర్మన్ మెల్‌విల్ ఉన్నారు. వాళ్ల తొలి పరిచయం ఆ రోజే. మరుసటి ఏడాది వచ్చిన 'మోబీ డిక్' నవలను మెల్‌విల్ హాథార్న్‌కు అంకితమిచ్చాడు.

ఇదే హాథార్న్ ట్రస్టు ఆస్తుల్లో ఇంకోచోట తగులుతాడు. కాంకర్డ్‌లోని ఓల్డ్ మాన్స్ అనే ఇంట్లో ఆయన 1842 నుంచి 1845 దాకా అద్దెకున్నాడు. కొత్తగా పెళ్లయిన హాథార్న్, సోఫియా కిటికీ అద్దాల మీద వజ్రపుటుంగరంతో గీసిన మాటలు ఇప్పటికీ చదువుకోవచ్చు. వాళ్లు దిగేముందు పెరట్లో కూరగాయల తోట వేసిపెట్టినవాడు హెన్రీ డేవిడ్ థోరో. ఇంటి కిటికీల్లోంచి నార్త్ బ్రిడ్జి కనిపిస్తుంది. 1775 ఏప్రిల్ 19న బ్రిటిష్ సైనికులకూ, ఊరి రైతులకూ ఆ వంతెన దగ్గరే కాల్పులు జరిగాయి. ఈ ఇల్లు 1939లో ట్రస్టు చేతికి వచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ గండాలు గడిచింది హింగమ్‌లోని వరల్డ్స్ ఎండ్‌కు. బాస్టన్ రేవులోకి పొడుచుకొచ్చిన 251 ఎకరాల నేల అది. 1890 ప్రాంతంలో సొంతదారు జాన్ బ్రూవర్ అక్కడ 163 ఇళ్ల కాలనీకి ఓల్మ్‌స్టెడ్ చేత ప్లాన్ గీయించాడు. బగ్గీలు పోయే రోడ్లు వేశారు, వాటి పక్కన చెట్లు నాటారు, ఇళ్లు మాత్రం లేవలేదు. 1945లో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యాలయానికి పరిశీలించిన స్థలాల్లో అదీ ఉంది. 1965లో అణు విద్యుత్ కేంద్రం పెడతామన్నారు. 1967లో చుట్టుపక్కల జనం చందాలు పోగుచేసి దాన్ని ట్రస్టుకు అప్పగించారు. ఇప్పుడు అక్కడ నడిచేవాళ్లు ఓల్మ్‌స్టెడ్ వేసిన రోడ్ల మీదే, ఓల్మ్‌స్టెడ్ నాటించిన చెట్ల కిందే నడుస్తారు.

ఇప్స్‌విచ్‌లోని క్రేన్ బీచ్‌ది ఇంకో రకం కథ. షికాగోలో కుళాయిలు, గొట్టాల వ్యాపారంతో కోటీశ్వరుడైన రిచర్డ్ క్రేన్ సముద్రం పక్క కొండ మీద 59 గదుల భవంతి కట్టించాడు. అది 1928లో పూర్తయింది. 1945లో ఆ కుటుంబం బీచ్‌నూ, 1949లో భార్య మరణశాసనం ద్వారా భవంతినీ ట్రస్టుకిచ్చింది. వేసవిలో వేలమంది స్నానాలకు వచ్చే ఆ ఇసుకలోనే పైపింగ్ ప్లోవర్ అనే పిడికెడు పిట్ట గుడ్లు పెడుతుంది. 1986 నుంచి అది కేంద్ర ప్రభుత్వ రక్షణ ఉన్న జాతి. ఏటా వసంతంలో బీచ్‌లో కొంత మేర తాళ్లతో దడి కడతారు. జనం ఇటు, పిట్ట అటు.

ఇదంతా నడవాలంటే డబ్బు కావాలి. దడికి, దారికి, కాపలాదారుకు, కారే కప్పుకు. అందుకే ట్రస్టు ఉత్త భూమిని పుచ్చుకోవడానికి జంకుతుంది, దానితోపాటు నిర్వహణకు మూలధనం కూడా అడుగుతుంది. మిగిలింది సభ్యత్వ రుసుములు, పార్కింగ్ టికెట్లు, ప్రవేశ రుసుములు. భూమి కొనకుండానే కాపాడే పద్ధతికి మసాచుసెట్స్ 1969లో చట్టం చేసింది. రైతు పొలం రైతుదే, దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు. అయితే దాని మీద కట్టడాలు లేపే హక్కును మాత్రం రాతపూర్వకంగా వదులుకుని ఆ షరతు అమలును ట్రస్టు చేతిలో పెడతాడు. తర్వాత ఆ పొలం ఎన్ని చేతులు మారినా షరతు దస్తావేజు వెంటే పోతుంది.

ఇప్పుడు ట్రస్టు కింద 120కి పైగా స్థలాలు, దాదాపు 27,000 ఎకరాలు ఉన్నాయి. అమెరికా మొత్తం మీద ఇలాంటి ట్రస్టులు వెయ్యి దాటాయి.

ఎలియట్ తరం పెద్దలు ఎవరి పేరున ఉండాలని అడిగారు గానీ, అంతకుముందు ఎవరిదని అడగలేదు. మాన్యుమెంట్ మౌంటెన్ చుట్టూ ఉన్న నేల మోహికన్ ప్రజలది. పద్ధెనిమిదో శతాబ్దంలో స్టాక్‌బ్రిడ్జ్ అనే మిషన్ గ్రామంలో వాళ్లను స్థిరపరిచారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాళ్లు కొత్త దేశం పక్షాన పోరాడారు. అయినా భూమి కరిగిపోయి న్యూయార్క్‌కు, అక్కడి నుంచి విస్కాన్సిన్‌కు తరలిపోవాల్సి వచ్చింది. స్టాక్‌బ్రిడ్జ్‌లోని పాత మిషన్ ఇల్లు 1948లో ట్రస్టుకు చేరినప్పుడు, 1745లో మోహికన్లకు కానుకగా వచ్చిన బైబిలు కూడా సామానుతోపాటు చేరింది. ఏళ్ల తరబడి అడిగిన తర్వాత 1991లో అది విస్కాన్సిన్‌కు తరలిన మోహికన్ల వారసులైన స్టాక్‌బ్రిడ్జ్-మున్సీ సమాజానికి తిరిగి వెళ్లింది. మాన్యుమెంట్ మౌంటెన్ శిఖరానికి ఆదివాసీ స్త్రీలను కించపరిచే పేరొకటి చాలాకాలం ఉండేది. 2021లో ఆ సమాజంతో సంప్రదించి ట్రస్టు దాన్ని మార్చింది. ఇప్పుడు బోర్డు మీద 'పీస్కాసో పీక్' అని మోహికన్ భాషలో ఉంటుంది. కొండెక్కే ఒక దారి పేరు కూడా మోహికన్ మాన్యుమెంట్ ట్రెయిల్ అయింది.

(వచ్చే భాగంలో: లండన్‌లో ఒక దొర తన పూర్వీకుల తోటను ప్రజలకు ఉచితంగా ఇస్తానంటే, చట్టప్రకారం పుచ్చుకోగల సంస్థ ఒక్కటీ దొరకలేదు. 1884లో మొదలైన ఆ చిక్కులోంచి, మసాచుసెట్స్ నియమావళిని దగ్గర పెట్టుకుని, ఒక న్యాయవాది, ఒక సంఘసేవిక, ఒక చర్చి గురువు 1895లో నేషనల్ ట్రస్టును నిలబెట్టిన తీరు.)